బెల్లు మామ కట్టిన ఎర్ర బిళ్ళ

పోయిన నెల బెంగళూరు నుంచి ఒకాయన కారేసుకుని మా ఇంటికి వచ్చినాడు. పాత రేడియో సామాన్లు కొని అద్దాల బీరువాలో పెట్టుకునే పిచ్చి అంట ఆయనకు. నాయన ట్రాన్స్‌మిటర్ చూసి, "మేడమ్, ఇట్లాంటిది ఇంగ యాడా దొరకదు" అని మురిసిపోయినాడు. అంతవరకు బాగానే ఉండింది, కాఫీ కూడా ఇచ్చినా. కాఫీ తాగి లేచి, అడుగు ఎట్లుందో చూద్దామని సెట్టును రెండు చేతులా పట్టుకుని తిప్పబోయినాడు. నాకు యాడలేని కోపం వచ్చింది. "దించు దాన్ని, దించి నడువు" అని అరిచినా. పాపం, ఆయనేం చేసినాడు? ఆ అడుగురేకు సంగతి ఆయనకేం తెలుసు?

ఆ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నా తప్పు కూడా అందులో ఉండాది కాబట్టి చెప్పలేదు.

మా నాయన కేజీఎఫ్ బంగారు గనిలో వైండర్ డ్రైవరు. మనుషులను కేజులో, ఆ ఇనుప బోనులో, గని బావిలోకి దించే, పైకి లాగే పెద్ద ఇంజను నడిపేవాడు. ఇంజను గది ఒక పక్క, బావి మూతి ఇంకో పక్క. డ్రైవరుకు మనుషులు కనపడరు, గంట వినపడుతుంది, అంతే. బావి మూతి దగ్గర నిలబడి ఆ గంట కొట్టే ఆయన నాయనకు ప్రాణ స్నేహితుడు. మాకు చుట్టం కాదు, పక్కం కాదు, అరవాయన, అయినా నాకు మాటలు వచ్చినప్పటి నుంచి బెల్లు మామే. ఒక గంట కొడితే ఆపు, రెండు కొడితే దించు, మూడు కొడితే మనుషులు ఎక్కుతాండారు అని. ఆ మూడుకు డ్రైవరు తిరిగి మూడు కొట్టాల. ఆ జవాబు వినపడేదాకా ఒక్కడూ కేజులో కాలు పెట్టకూడదు. ఇద్దరూ ఇరవై ఏడేళ్లు ఒకే బావి మీద ఉండినారు. మామ కొట్టిన మూడుకు నాయన జవాబు ఇయ్యని దినం లేదు.

డ్యూటీ అయిపోతే ఇద్దరికీ ఇంకో పిచ్చి, హామ్ రేడియో, ఇంట్లోనే సెట్టు పెట్టుకుని గాలిలో దూరపోళ్లతో మాట్లాడేది. బెంగళూరుకు పోయి పరీక్ష రాసి లైసెన్సులు తెచ్చుకున్నారు. మా వరండాలో కూర్చుని ఈ ట్రాన్స్‌మిటర్ కట్టినారు. సర్క్యూటు గీత నాయనది, టంకం మామది. మామ టంకం వేస్తే ముత్యం మాదిరి నిలిచేది. నేను ఆయన పక్కన కూర్చునే టంకం ఇనుము పట్టుకోను నేర్చినా. ఆ నేర్పుతోనే తర్వాత తమక అనే ఊళ్లో స్టెబిలైజర్లు చేసే చిన్న కంపెనీలో టెస్టింగు ఉద్యోగం దొరికింది.

సెట్టులో చివరి భాగం ఫైనల్. లోపల పుట్టిన చిన్న సిగ్నల్‌కు బలమిచ్చి ఏరియల్‌కు ఎక్కించేది అదే. రెండు పెద్ద వాల్వులు, గాజు గ్లాసులంత ఎత్తువి, పక్కపక్కన నిలబడి పని చేస్తాయి. గని మూసేస్తారని గలాటా జరుగుతాండిన రోజుల్లో, మామ ఆ ఫైనల్ అడుగు వైరింగు కొత్తగా వేసినాడు. అందులో ఒక రెసిస్టర్ ఉండాల్సినదానికంటే చిన్నది పెట్టినాడు, పెద్దది చేతికి దొరకలేదని. "ఇది నాలుగు దినాలకే. పెద్దది తెచ్చి నేనే మారుస్తా, ఎవురూ తాకద్దు" అని అడుగురేకు బిగించి, మరమేకుకు తీగ చుట్టి, గని నుంచి తెచ్చిన ఎర్ర రేకు బిళ్ళ కట్టినాడు. దాని మీద ఆయన టోకెన్ నంబరు మేకుతో గీకి ఉండాది.

ఆ బిళ్ళ అంటే ఏమో గనిలో పని చేసిన ఏ ఇంట్లో అడిగినా చెప్తారు. కరెంటు లైను మీద మనిషి చెయ్యి పెట్టేముందు స్విచ్చుకు తన బిళ్ళ కడతాడు. కట్టినోడు తప్ప ఇంకోడు దాన్ని విప్పరాదు. మేనేజరైనా సరే, దేవుడైనా సరే. తొందరపడి ఇంకోని బిళ్ళ విప్పి స్విచ్చు వేసినోడు ఒకడు, లోపల తన సొంత అన్ననే పోగొట్టుకున్నాడని నాయన నాకు చిన్నప్పుడు చెప్పినాడు. ఆ కథ చెప్పి నాయన ఆ పూట అన్నం తినలేదు.

మామ ఆ రెసిస్టర్ మార్చను మళ్లా రానే లేదు. మూసేసే ముందు వాలంటరీ రిటైర్మెంటు కాగితం మీద అందరికంటే ముందు సంతకం చేసినోళ్లలో ఆయన ఒకడు. రాయచూరు పక్క ఇంకో బంగారు గనిలో పని చూసుకున్నాడు. నాయనేమో గేటు ముందర టెంటులో కూర్చుని, మూయద్దు మూయద్దు అని గొంతు పోయేదాకా అరుస్తాండాడు. ఆ గేటు దగ్గరే ఇద్దరికీ గలాటా అయింది. "ప్రాణం పోకముందే పాడె కట్టేస్తివే" అన్నాడు నాయన. "నా పిల్లోళ్లకు నువ్వు పెడతావా బువ్వ?" అన్నాడు మామ. "ఇంగ నీతో నోరు విప్పితే ఒట్టు" అని ఒకడు, "విప్పితే నేనూ నా అబ్బకు పుట్టలేదు" అని ఇంకొకడు. ఇద్దరూ ఇద్దరే, పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. మామ భార్య, మా అత్త, పోతా పోతా మా బియ్యం డబ్బా మూత లోపల ఫోన్ నంబరు రాసిచ్చింది, "ఆ ముసలోళ్లు ఎట్లన్నా చావనీ, మనం మాట్లాడుకుందాము పాపా" అని.

మామ పోయినాక నెల దినాలకు, ఒక పొద్దున ఆరున్నరకు, నాయన రిసీవర్ ముందర కూర్చుని ఉండినాడు. గని నడిచేటప్పుడు మొదటి షిఫ్టు మనుషులు కిందికి దిగే వేళ అది. రిసీవర్‌లో మామ కాల్‌సైన్, అంటే గాలిలో ఆయన పేరు, వినపడింది. తర్వాత మోర్సు కీ మీద, టెలిగ్రాం కొట్టినట్టు, మూడు చుక్కలు. టిక్ టిక్ టిక్. అంతే, ఇంగ ఏమీ లేదు. నాయన తన కాల్‌సైన్ కొట్టి, మూడు కొట్టినాడు. లేచి పోయి మొగం కడుక్కున్నాడు. మొగం అప్పటికే కడిగి ఉండినాడు.

అట్ల నాలుగేళ్లు. రోజూ ఆరున్నరకు ఆయన మూడు, ఈయన మూడు. ఒక్క మాట లేదు, బాగుండావా అని లేదు. నేను నవ్వేదాన్ని. "ఏం నాయనా, మీ ఆయన ఏమంటాండాడు?" అని అడిగితే, "నీకెందుకే, పోయి బస్సు పట్టుకో" అనేవాడు. అమ్మ పోయినప్పటి నుంచి ఇంట్లో మేమిద్దరమే. నేను ఎడ్డెమంటే తెడ్డెమనే రకం. కుడి పక్క పొమ్మంటే ఎడమ పక్క పోతా. చదువు వద్దన్న చోట చదివినా, వద్దన్న ఉద్యోగంలో చేరినా. "పుట్టినప్పటి నుంచి ఒక్క మాటన్నా విన్నాదా ఇది" అని నాయన వీధంతా చెప్పుకుని నవ్వేవాడు.

ఒక సోమవారం పొద్దున మామ మూడు కొట్టినాడు. నాయన కీ నొక్కినాడు. ఫైనల్ మీటరు ముల్లు లేవలేదు. మళ్లా నొక్కినాడు, లేవలేదు. వాల్వులు ఎర్రగా వెలుగుతాండాయి, ముల్లు మాత్రం పడుకునే ఉండాది. అవతల మామ కొంచేపు చూసి మళ్లా మూడు కొట్టినాడు. మళ్లా ఆగి మళ్లా మూడు. మాకు ఆయన వినపడుతాండాడు, మేము ఆయనకు వినపడటం లేదు. నాయన కీ విడిచి నా పక్క చూసినాడు. "వాడు బావి మూతి కాడ నిలబడి ఉండాడు మేయ్. జవాబు లేకుండా ఎట్ల నిలబెట్టేది?"

"నువ్వు గాబరా పడద్దు, సాయంత్రానికి చేసిపెడతా" అని నేను గొప్పగా చెప్పి పోయినా. ఏం చూసుకుని అన్నానో! దినానికి అరవై స్టెబిలైజర్లు టెస్టు చేసేదాన్ని, నాకీ పాత పెట్టె ఒక లెక్కనా అనుకున్నా.

సాయంత్రం వచ్చి కాళ్లన్నా కడుక్కోకుండా కూర్చున్నా. ఏరియల్ తీసేసి, దాని బదులు వంద వాట్ల బల్బు తగిలించినా. సెట్టు బాగుంటే ఆ బల్బు వెలగాల. వెలగలేదు. ముందు భాగాలు బాగానే ఉండాయి, ఫైనల్‌కు అందాల్సిన చిన్న సిగ్నల్ అందుతాండాది, దాని మీటరు చూపిస్తాండాది. అయితే జబ్బు ఫైనల్‌లోనే. చూసినా, వెంటనే చెప్పేసినా: "వాల్వులు ముసలివైపోయినాయి నాయనా. ముప్పై ఏళ్లు మోసినాయి, ఇంగేం మోస్తాయి?" నాయన తల ఊపినాడు. ఆయనకు కూడా ఆ మాటే నచ్చింది.

ఆదివారం దాకా సెలవు దొరకలేదు. మంగళ, బుధ, గురు, శుక్ర, శనివారాలు. ప్రతి పొద్దున మామ మూడు కొట్టేది, ఆగేది, మూడు కొట్టేది. నాయన చెయ్యి కీ మీద పెట్టుకుని వినేవాడు. నేను ఉండబట్టలేక, "ఫోన్ చేస్తా నాయనా. సెట్టు చెడింది మామా అని ఒక్క మాట చెప్పి పెట్టేస్తా" అన్నా. ఆయన నా పక్క తిరిగి, "చేసినావంటే నేను ఈ ఇంట్లో నీళ్లు ముట్టను. గంటకు జవాబు గంటే. డ్రైవరే ఇయ్యాల" అన్నాడు. బెంగళూరులో తెలిసిన హామ్ ఎవరితోనన్నా కబురు కొట్టిద్దామన్నా. "మా ఇద్దరి నడుమ ఇంకోడా?" అన్నాడు. నేను కూడా ఊరుకున్నా. నిజం చెప్పాలంటే, ఆదివారం వాల్వులు తెచ్చి పెట్టేస్తే అయిపోతుంది కదా, ఫోన్ చేస్తే నా పనితనం ఏమైనట్టు అని నా లోపల కూడా ఉండింది.

ఆదివారం మొదటి రైలుకు బెంగళూరు పోయి, పాత సామాన్ల బజారంతా తిరిగి తిరిగి, రెండు వాల్వులు కొంగులో చుట్టుకుని పసిబిడ్డలను తెచ్చినట్టు తెచ్చినా. పెట్టినాము. కీ నొక్కినాడు. బల్బు వెలగలేదు, ముల్లు లేవలేదు. నాయన పాత వాల్వులను గుడ్డలో చుట్టి పక్కన పెట్టినాడు. తిట్టి ఉంటే బాగుండేది.

అప్పుడు బుద్ధి వచ్చి, మొదట చేయాల్సిన పని మొదలుపెట్టినా. మామ నేర్పినట్టు ఎడమ చెయ్యి వెనక్కి కట్టుకుని, ఒక్క చేత్తోనే మీటరు మొన పట్టుకుని, పైన వాల్వు నెత్తికి వచ్చే పెద్ద కరెంటు చూసినా. ఆరొందల యాభై వోల్టులు, కరెక్టుగా ఉండాది. పైనున్న కాయిల్ చూసినా, కండెన్సర్ మార్చి చూసినా. మిగిలింది ఒకటే, స్క్రీన్. వాల్వు కడుపులో ఉండే ఒక తీగల వల అది. దానికి వోల్టేజి రాకపోతే వాల్వు ఊరికే దీపం మాదిరి వెలుగుతుంది గానీ పని చేయదు. సెట్టు ఆపి, వాల్వు పీకి, మళ్లా కరెంటిచ్చి, దాని సాకెట్ రంధ్రంలో పైనుంచే మీటరు మొన పెట్టినా. సున్న.

స్క్రీన్‌కు వోల్టేజి ఒక్క రెసిస్టర్ గుండా వస్తుంది. ఆ రెసిస్టర్ అడుగు భాగంలో ఉండాది. బిళ్ళ కట్టిన రేకు కింద.

"తెలిసిపోయింది నాయనా. మామ మారుస్తానన్నాడే, ఆ చిన్నదే కాలిపోయింది. పెద్దది నా బ్యాగులోనే ఉండాది, పది నిమిషాల పని" అని కటింగ్ ప్లయర్ తీసుకున్నా.

"దాన్ని పెట్టు" అన్నాడు నాయన.

"నాయనా."

"పెట్టమంటాండానా. వాని బిళ్ళ ఉండాది దాని మీద."

పైనుంచే వేరే తీగ వేస్తానన్నా. అదీ తాకినట్టే అన్నాడు. నాకు రక్తం మరిగింది. "గని యాడుంది నాయనా? బావి నిండా నీళ్లు నిండిపోయినాయి. కేజు లేదు, గంట లేదు, నీకు మేనేజరు లేడు. ఒక రేకు ముక్కను పట్టుకుని ఇదేం తిక్క?" అన్నా. వీధిలో పోయేవాళ్లు తొంగి చూసేట్టు అరిచినా. ఆయన అరవలేదు. మెల్లిగా, "నేనే మారుస్తా అన్నాడు కదమ్మా. మార్చను వస్తాడు" అన్నాడు.

అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. నాలుగేళ్లుగా ఆ బిళ్ళను నాయన ఎందుకు రోజూ తుడుస్తాండాడో. బిళ్ళ ఉన్నంతవరకు మామ పని మిగిలి ఉన్నట్టు. పని మిగిలి ఉంటే మామ ఒక దినం వచ్చి మా వరండాలో కూర్చోవాల్సిందే, కోపం ఉన్నా లేకున్నా. దాన్ని వేరేవాళ్లు విప్పేస్తే ఇంగ ఆయన రావాల్సిన పని ఏముండాది?

ప్లయర్ డబ్బాలో పెట్టేసినా.

బుధవారం మామ మూడు ఒక్కసారే కొట్టినాడు. రెండో చుక్కకు, మూడో చుక్కకు నడుమ ఎడం ఎక్కువుండింది. మామ చెయ్యి అట్ల తడబడటం ఎప్పుడూ వినలేదు. గురువారం ఆరున్నరకు రిసీవర్‌లో గాలి మోత తప్ప ఏమీ లేదు. ఏడు దాకా కూర్చున్నాడు నాయన. నేను బస్సు విడిచిపెట్టినా.

ఏడున్నరకు ఆయనే లేచి, సెట్టును తన చేతులతో బోర్లించినాడు. "ఈ పాపం నీకొద్దు" అని ప్లయర్ నా చేతికి ఇయ్యకుండా, గోళ్లతోనే తీగ విప్పినాడు. వేలి నుంచి రక్తం వచ్చింది. బిళ్ళను కళ్లకద్దుకుని జేబులో వేసుకున్నాడు. రేకు తీస్తే, రెసిస్టర్ నల్లగా బొగ్గైపోయి ఉండాది. దాని పక్కన చాసిస్ మీద మామ రాత, పెన్సిలుతో: "ఇది చిన్నది. మార్చాల."

పెద్దది పెట్టి టంకం వేసినా. పది నిమిషాలు కూడా పట్టలేదు. కీ నొక్కితే బల్బు గదంతా వెలిగేట్టు వెలిగింది. నాయన చిన్న పిల్లోని మాదిరి నవ్వినాడు. "రేపు వింటాడు. తిట్టుకున్నాడేమో గానీ, రేపు వింటాడు" అన్నాడు.

శుక్రవారం ఆరున్నరకు మొదటిసారి నాయనే ముందు కొట్టినాడు. కాల్‌సైన్, మూడు. జవాబు లేదు. శనివారం లేదు. "అలిగినాడు. పది దినాలు నిలబెడితే అలగడా? నేనైనా అలుగుతా" అన్నాడు. ఆదివారం కూడా లేకపోయేసరికి, ఆయన పెరట్లో ఉండంగా, బియ్యం డబ్బా మూత తెరిచి నంబరు చూసి ఫోన్ చేసినా. అడగలేదు, చెప్పలేదు.

అత్త తీసింది. నా గొంతు విని, "మీ నాయన బతికే ఉండాడా పాపా?" అని అడిగింది.

మామ బుధవారం సాయంత్రం పోయినాడు. గుండె. నెలగా డాక్టరు మంచం దిగద్దన్నాడంట, అయినా ఆరింటికి లేచి సెట్టు ముందర కూర్చునేవాడంట. "మొదట్లో సెట్టు చెడిందేమో అనినాడు. ఫోన్ చేద్దామంటే తన్నను వచ్చినాడు. 'వాడు నోరు విప్పనన్నాడు, నేనూ విప్పనన్నా, గంటకు జవాబు గంటే' అనినాడు. నేను సుమ్మనే ఊరుకుండిపోయినా పాపా. బుధవారం పొద్దున కొట్టి వచ్చి పడుకుని, వాడు నన్ను ఇంగ విడిచిపెట్టేసినాడే అని ఏడ్చినాడు" అన్నది. "నీ నంబరు నా కాడ ఉండింది. ఎందుకు చేయలేదో" అన్నది. నేనూ అదే అన్నా. ఇద్దరమూ ఫోన్‌లో ఒకరికొకరం ఆ మాటే చెప్పుకుంటా ఏడ్చినాము. చేతులు కాలినాక ఆకులు పట్టుకున్నాము ఇద్దరమూ.

నాయన పెరటి వాకిట్లో నిలబడి ఉండాడు. ఎప్పటి నుంచి వింటాండాడో. చెప్పాల్సిన పని లేకపోయింది. లోపలికి వచ్చి, జేబులో నుంచి ఆ ఎర్ర బిళ్ళ తీసి, సెట్టు బోర్లించి, మళ్లా అదే మరకు కట్టను చూసినాడు. గాయం తగిలిన వేలితో తీగ చుట్టలేకపోయినాడు. నేనే కట్టినా.

కట్టినాక నా మొగం చూసినాడు. కోపం లేదు ఆ చూపులో. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అడిగినాడు.

"నేను ఫోన్ వద్దన్నా, సరే. పుట్టినప్పటి నుంచి నా మాట ఒక్కటన్నా విన్నదానివా నువ్వు? ఈ ఒక్క మాట ఎందుకు విన్నావమ్మా?"